మేనిఫెస్టోలో ఒక వాక్యం

ఈ సంగతి తెలుగులో రాయడానికి కారణం ఉంది. భిలాయిలో నాతో కలిసి ఈ పనిలో తిరిగినవాళ్ళలో తెలుగు చదవగలిగినవాళ్ళు లేరు. హిందీలో రాస్తే ఎవరో ఒకరు చదివి, ఇది ఫలానా వాళ్ళ గురించే కదా అని ఫోన్ చేస్తారు. పార్టీ పేరు కూడా చెప్పను. దేశమంతటా ఉన్న పెద్ద పార్టీల్లో ఒకటి అనుకుంటే చాలు. ఏది అనుకున్నా జరిగింది మారదు.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను. మా ఆయన ప్లాంటులో ఇంజనీరు, ఇనుప ఖనిజం పొడిని కాల్చి గడ్డలు కట్టించే సింటర్ విభాగంలో. మేం ఉండేది భిలాయిలోనే, రుఆబాంధా కాలనీలో. రాజకీయాలతో మా రెండు కుటుంబాల్లో ఎవరికీ సంబంధం లేదు. ప్రభుత్వరంగ సంస్థలో ఆఫీసరుగా ఉన్న మనిషికి ఉండకూడదు కూడా.

నన్ను పార్టీలోకి తీసుకెళ్ళింది మా వీధి చివర కుట్టుమిషన్ల దుకాణం నడిపే దీదీ. ఆమెది దుర్గ్ దగ్గర పల్లె. అప్పట్లో వార్డులో పార్టీ పని చూసేది. బ్లౌజు కుట్టించుకోవడానికి వెళ్తే, ఇంగ్లీషులో ఒక అర్జీ రాసి పెట్టమని అడిగింది. మురుగు కాలువ గురించి. రాసిచ్చాను. ఆమె ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్ళి, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చుందట. పది రోజుల్లో కాలువ బాగైంది. నేను రాసినదానికి లోకంలో ఏదో కదలడం నాకు అదే మొదటిసారి. తర్వాత వీధి దీపాలు, తాగునీటి పైపు, అంగన్‌వాడీ కప్పు. నేను రాసేదాన్ని, ఆమె వెళ్ళి కూర్చునేది. కొన్నేళ్ళలో ఆమె జిల్లా ఉపాధ్యక్షురాలైంది. మధ్యలో ఎప్పుడో నాచేత కూడా సభ్యత్వ పుస్తకంలో సంతకం పెట్టించింది. కొరియర్ వాడి పుస్తకంలో పెట్టినట్టు పెట్టేశాను.

భిలాయి నుంచి వెళ్తూ కుమ్హారి పట్నం దాటాక లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరి పక్కన ప్రైవేటు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాన్ని విస్తరించాలని యాజమాన్యం దరఖాస్తు పెట్టుకుంది. అనుమతికి ముందు ఊరివాళ్ళ మాట వినాలని చట్టం. అందుకోసం అధికారులు ప్రజా విచారణ ఏర్పాటు చేశారు. అప్పుడు మా పార్టీ ప్రతిపక్షంలో ఉంది. లెక్చరు ఇచ్చే మనిషి కావాలని దీదీ నన్ను స్కూటీ మీద ఎక్కించుకుని వెళ్ళింది.

షామియానా వేశారు. ముందు వరసల్లో ఫ్యాక్టరీ తాలూకు మనుషులు. పర్యావరణ నివేదిక ఇంగ్లీషులో దిండంత పుస్తకం. దాని హిందీ సారాంశం పంచాయతీ బీరువాలో ఉందని చెప్పారు, తాళం ఉన్న మనిషి ఆ రోజు రాలేదు. నేను రాసుకెళ్ళినదంతా చదివాను. చప్పట్లు కొట్టారు. అందులో ఏం చెప్పానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు. గుర్తున్నది నా తర్వాత లేచిన ముసలావిడ అడిగిన ప్రశ్న. ఛత్తీస్‌గఢీలో అడిగింది. పగలు ఆ గొట్టంలోంచి తెల్ల పొగ వస్తుంది, చీకటి పడ్డాక నల్ల పొగ వస్తుంది, గొట్టం ఒకటే కదా, పొగ ఎందుకు మారుతుంది అని.

నాకు జవాబు తెలుసు. ధూళిని పట్టే యంత్రం కరెంటు తింటుంది. చీకట్లో దాన్ని ఆపేస్తే చూసేవాళ్ళుండరు. అక్కడున్న అధికారులకూ తెలిసే ఉంటుంది. ఫ్యాక్టరీ ఆఫీసరు ఆవిడకు నమస్కారం పెట్టాడు. అధ్యక్షత వహించినాయన నోట్ చేశాం అన్నారు. అంతే.

నెల తర్వాత విచారణ నివేదిక బయటికొచ్చింది. "గ్రామస్తులు ఉపాధి అవకాశాల గురించి అడిగారు" అని ఒక వాక్యం. పొగ లేదు. ముసలావిడ లేదు. ఉపాధి గురించి అసలు ఎవరూ అడగలేదు. ఆ కాగితం నా హ్యాండ్‌బ్యాగులో చాలా రోజులుంది. క్లాసులో బోర్డు మీద సమీకరణం రాస్తూ ఆగిపోయేదాన్ని. ఇంట్లో పొయ్యి మీద పప్పు మాడేది. ఎవరో అడిగినదాని గురించి నీకెందుకింత అని మా ఆయన రెండుసార్లు అడిగారు. నాకూ తెలియలేదు. బహుశా పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా వదలకూడదన్నది నా ఉద్యోగం నేర్పిన ఒకే ఒక నియమం కావడం వల్ల కావచ్చు.

మరుసటి ఏడాది దేశమంతా ఎన్నికలు. మేనిఫెస్టోకి సూచనలు పంపమని పార్టీ అన్ని రాష్ట్రాలనూ అడిగింది. పర్యావరణం మీద మేడమ్ రాస్తారని దీదీ ఒప్పేసుకుని వచ్చి తర్వాత నాకు చెప్పింది. రెండు పేజీలు రాశాను. అందులో నాకు కావలసింది ఒక్క వాక్యం: ప్రజా విచారణలో అడిగిన ప్రతి ప్రశ్ననూ అడిగినవారి మాటల్లోనే నమోదు చేసి, దానికి రాతపూర్వకంగా జవాబు ఇచ్చాకే పరిశ్రమకు అనుమతి ఇస్తాం.

ఢిల్లీ నుంచి పిలుపు వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. దీదీ, నేను దుర్గ్‌లో రైలెక్కాం. ఆమె ఠేఠ్రీ, ఖుర్మీ అని వాళ్ళ వైపు పిండివంటలు డబ్బా నిండా చేసి తెచ్చింది, దారిపొడుగునా ఎదుటి సీటు వాళ్ళకు పంచి, వాళ్ళు ఎవరికి ఓటేస్తారో కనుక్కుంటూ వచ్చింది. నేను ఆ రెండు పేజీలనే తిప్పుతూ కూర్చున్నాను.

కమిటీ గదిలో పది పన్నెండు మంది ఉన్నారు. అధ్యక్షుడు ఒక మాజీ మంత్రి, చెవి కొంచెం వినపడదు. మేనిఫెస్టో భాష చూడడానికి పార్టీ పెట్టుకున్న కుర్రాడొకడు లాప్‌టాప్‌లోంచి గోడ మీద అక్షరాలు చూపిస్తున్నాడు. నా రెండు పేజీలు అక్కడ ఒక లైను అయ్యాయి: ప్రజా విచారణ వ్యవస్థను బలోపేతం చేస్తాం. మిగతాది ఏమైందని అడిగాను. మేనిఫెస్టోలు ఎవరూ పూర్తిగా చదవరని అతను చాలా మర్యాదగా చెప్పాడు. అధ్యక్షుడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నేను రాసింది రాసినట్టు చదవమన్నారు. చదివాను. ఇది ఎక్కడినుంచి వచ్చిందని అడిగారు. పొగ సంగతి చెప్పాను.

ఆయన నా చేతిలోని కాగితం తీసుకుని చూశారు. తను మంత్రిగా ఉన్నప్పుడు ఇలాంటి విచారణ నివేదికలు ఎన్నో చూశానని, వాటిని ఎవరు రాస్తున్నారని ఒక్కసారి కూడా అడగలేదని అన్నారు. తర్వాత లాప్‌టాప్ కుర్రాడివైపు తిరిగారు.

"బలోపేతం అంటే రేపు మనల్ని ఎవరూ ఏమీ అడగలేరు. ఈవిడ రాసింది పెడితే అడుగుతారు. అడగనివ్వండి."

కానీ అది అంత తేలిగ్గా పోలేదు. అనుమతులు ఆలస్యమవుతాయని ఒకాయన, ఇది రాష్ట్రాల పని అని ఇంకొకాయన పట్టుబట్టారు. చివరికి బేరం కుదిరింది. ప్రశ్న నమోదు చేస్తాం, రాతపూర్వకంగా జవాబు ఇస్తాం. "జవాబు ఇచ్చాకే అనుమతి" అన్న ముక్క తీసేయాలి. ఒప్పుకుంటారా అని నన్నే అడిగారు. అందరూ టీ కోసం లేవడానికి సిద్ధంగా ఉన్నారు. ఒప్పుకున్నాను. తిరుగు రైల్లో నాగపూర్ వచ్చేదాకా అదే ఆలోచన. ఇంకొక్క నిమిషం పట్టుబట్టి ఉంటే ఏమయ్యేది? దీదీకి మాత్రం పండగలా ఉంది. మన వీధి మాట ఢిల్లీలో అచ్చవుతోంది, ఇంకేం కావాలి అంది.

అచ్చయింది. పార్టీ గెలిచింది. ఆ పేజీ జిరాక్స్ తీయించి దీదీ తన దుకాణం గోడకు అంటించుకుంది.

గెలిచిన రెండో ఏడాది, స్టాఫ్ రూమ్‌లో రెండు పీరియడ్ల మధ్య ఫోన్లో చూస్తుంటే, పర్యావరణ అనుమతుల కొత్త నిబంధనల ముసాయిదా కనిపించింది. మన ప్రభుత్వం తయారుచేసిందే. ఇంగ్లీషులో మాత్రమే ఉంది. ఉన్న ఫ్యాక్టరీ తన ప్రహరీ లోపలే ఒక హద్దు వరకు విస్తరించుకుంటే ప్రజా విచారణ అక్కర్లేదట. నా వాక్యం కోసం మొదటినుంచి చివరిదాకా వెతికాను. లేదు. అభ్యంతరాలు ఉంటే ఈమెయిల్లో పంపడానికి రెండు నెలలు గడువిచ్చారు.

అదే వారంలో పార్టీ రాష్ట్ర కార్యాలయం నుంచి అందరికీ ఒక నోట్ వచ్చింది, ముసాయిదా గురించి జనానికి ఏం చెప్పాలో. ఉద్యోగాలు వస్తాయి, పనులు త్వరగా అవుతాయి, కొత్తగా భూమి తీసుకోరు. భిలాయి-3 పేటలో మీటింగు పెట్టాం, ఇంగ్లీషు కాగితం కాబట్టి మీరే వచ్చి వివరించాలని దీదీ ఫోన్ చేసింది. ఇది మనం రాసింది కాదు దీదీ అన్నాను. ముసాయిదాయే కదా, వివరించినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు అంది. రానని చెప్పి ఉండొచ్చు. వెళ్ళాను. తప్పు అక్కడే చేశాను.

చిన్న హాలు. దుకాణదారులు, మహిళా సంఘాల వాళ్ళు, కొందరు రైల్వే రిటైర్డు మనుషులు. మైకు ఇచ్చారు. నోట్‌లో ఉన్నది చెప్పాలనే వెళ్ళినదాన్ని, దాన్ని మడిచి పక్కన పెట్టేశాను. సంచిలోంచి మేనిఫెస్టో పేజీ తీసి చదివాను. తర్వాత ముసాయిదా తీసి అదే విషయం ఉన్న చోటును హిందీలోకి మార్చి చదివాను. ఈ రెండూ ఒకే పార్టీవి కావడానికి వీల్లేదని అన్నాను. వెనకనుంచి ఒక దుకాణదారు, మరి మేం ఏది నమ్మాలి మేడమ్ అని అడిగాడు. తెలియదని చెప్పాను. హాల్లో ఎవరూ అరవలేదు. దీదీ వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుని, అందరూ టీ తాగి వెళ్ళమని చెప్పింది. నా వైపు చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆమె స్కూటీ నాకోసం ఆగలేదు. నేను ఆటోలో వచ్చాను.

ఎవరో తీసిన వీడియో రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది. పార్టీ నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. ఎదుటి పార్టీ స్థానిక నాయకుడు పూలగుత్తితో మా ఇంటికి వచ్చాడు, తమ వేదిక మీద మాట్లాడమని. ఆ పొగ ప్రశ్న నివేదికలోంచి మాయమైనప్పుడు ఇక్కడ ఉన్నది మీ ప్రభుత్వమే కదా అని అడిగాను. అప్పటి పరిస్థితి వేరు అన్నాడు నవ్వుతూ. మంచినీళ్ళు తాగి వెళ్ళాడు.

మా ఆయన నాలుగైదు రోజులు మామూలుగానే ఉన్నారు. ఆదివారం పొద్దున్న ఇడ్లీ తింటూ చెప్పారు.

"మొన్న మా పై ఆఫీసరు అడిగేరు. మీ మిసెస్ పాలిటిక్స్‌లో ఉన్నారటగా అని."

"మీరేటన్నారు?"

"లెటర్లు రాస్తాదండీ అన్నాను."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఆ పెద్దమనిషి బెదిరించలేదట, ఊరికే అడిగాడట. ఊరికే అడిగినవే నిద్ర పట్టనివ్వవు అన్నారు.

"ఆపమని నేనడగను. ఆపితే బాగుణ్ణని మాత్రం ఉంది. ఒకటి చెప్పు. ప్లాంట్లు పెరగకపోతే మీ నాన్నగారు ఇక్కడికొచ్చేవారా? మనకీ ఇల్లుండేదా?"

"ఉండేది కాదు."

"మరి?"

"పెరగొద్దని నేనెక్కడన్నానండి? అడిగినదానికి జవాబు చెప్పి పెరగమంటున్నాను."

ఆయన కంచం తీసుకుని లేచి వెళ్ళారు.  ఆయన అడిగినదానికి నేను చెప్పిన జవాబు నాకే పూర్తిగా సరిపోలేదు. మాది ధూళి మీద నిలబడిన కుటుంబం. నా చదువు, నా పెళ్ళి, మా అమ్మాయి కాలేజీ, అన్నీ ఆ ధూళిలోంచే వచ్చాయి. కుమ్హారి పక్కన ఊరికి ఏమొచ్చింది అన్నది నా ప్రశ్న. ఆ ప్రశ్న వేయడానికి నాకేం హక్కుందన్నది రెండో ప్రశ్న. రెండూ మోసుకుంటూ తిరిగాను.

ముసాయిదా మీద అభ్యంతరాలు రాయడం మొదలుపెట్టాను, మేనిఫెస్టోలోని నా వాక్యంతో. స్కూలు నుంచి రాగానే డైనింగు టేబుల్ మీద కాగితాలు పరిచేదాన్ని. మూడో రోజు చూస్తే ధూళి పట్టే యంత్రం గురించి రాసిన పేరా పక్కన పెన్సిల్‌తో సవరణలు ఉన్నాయి, మా ఆయన దస్తూరీలో. యంత్రం నడిచిందో లేదో కరెంటు మీటరే చెబుతుందని, దాని రీడింగు ఊరివాళ్ళకు చూపించాలని అడగమని. తన పేరు ఎక్కడా ఉండకూడదని మాత్రం కింద రాశారు. గడువు రేపనగా పంపాను. మీ సూచన అందింది అని కంప్యూటర్ దానంతటదే జవాబిచ్చింది.

తర్వాత నెలల తరబడి ఏమీ లేదు. సంజాయిషీ అడిగిన పార్టీ కూడా మళ్ళీ రాయలేదు. దీదీ నాతో మాట్లాడడం మానేసింది. అర్జీలు ఇంటర్నెట్ దుకాణంలో టైపు చేయించుకుంటోందని తెలిసింది. ఆమె దుకాణం ముందునుంచి పోవాల్సి వస్తుందని నేను పక్క వీధి గుండా బస్టాపుకు నడిచేదాన్ని. గోడ మీద ఆ పేజీ ఇంకా ఉందో లేదో చూడాలనిపించేది. చూడలేదు.

వానాకాలంలో తుది నిబంధనలు వచ్చాయి. ప్రహరీ లోపల విస్తరణకు మినహాయింపు అలాగే ఉంది. కరెంటు మీటరు సంగతి లేదు. చివర జతచేసిన పత్రంలో, విచారణ ఎలా జరపాలో చెప్పే చోట, అడిగిన ప్రతి ప్రశ్ననూ అడిగినవారి భాషలోనే నమోదు చేసి జవాబు జతపరచాలని ఉంది. నాలుగుసార్లు చదివి మా ఆయనకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా చదివారు.

"ఇది మనదే," అన్నారు.

సంతోషం ఒక పూట నిలిచింది. కుమ్హారి పక్క ఫ్యాక్టరీ విస్తరణ మొదటిసారి, ఆ విచారణ తర్వాత ఎవరో కేసు వేయడంతో, కోర్టులో ఆగింది. ఇప్పుడు అదే పనిని ప్రహరీ లోపలి పనిగా చూపించి మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని, విచారణ లేకుండానే అనుమతి తెచ్చుకుంది. అంటే ప్రశ్నలు రాసుకోవాలన్న నియమం అన్ని ఊళ్ళకూ వచ్చింది, ప్రశ్న పుట్టిన ఊరికి తప్ప. ఈ మాట వాళ్ళకు పేపర్లో కాక నా నోటితో తెలియాలనిపించి ఒక ఆదివారం బస్సులో వెళ్ళాను. ముసలావిడ అరుగు మీద కందిపప్పు చెరుగుతోంది. అంతా చెప్పాను, నాకొచ్చిన ఛత్తీస్‌గఢీలో. ఆవిడ చేట ఆపి విన్నది.

"మరి ఆ మాట ఎవరి కోసం రాయించావు?" అంది.

వేరే ఊళ్ళకు పనికొస్తుందన్నాను. ఆవిడ తలూపి చెరగడం మొదలుపెట్టింది. కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ వాక్యం నిబంధనల్లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఈమెయిల్ వల్లే అనుకున్నాను. దసరా ముందు పార్టీ ఆఫీసులో పనిచేసే గుమాస్తా బజారులో కనపడి, వానలకు ముందు ఢిల్లీ నుంచి పర్యావరణ మంత్రిగారు వస్తే మీ దీదీ ఆయన కోసం సర్క్యూట్ హౌస్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుందండీ మీ కాగితాలతో, అన్నాడు. నేను ఇంటికి పోకుండా నేరుగా ఆమె దుకాణానికి వెళ్ళాను. పండగ గిరాకీ, మూడు మిషన్లూ నడుస్తున్నాయి. నన్ను చూసి స్టూలు జరిపింది.

మంత్రిగారికి కాగితాలు ఇచ్చారట నిజమేనా అని అడిగాను. ఇచ్చానంది. పూలదండల వరసలో నిలబడి, దండకు బదులు అవి ఇచ్చిందట. ఆయన పక్కనున్న ఆఫీసరు తీసుకున్నాడట. చదివారో లేదో తనకు తెలియదంది.

"మీటింగులో మీరు చెప్పింది తప్పు కాదు మేడమ్. నాకు ముందు చెప్పకుండా చెప్పడం తప్పు. ఆ హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టింది నేను. నా మొహం చూసి వచ్చినవాళ్ళు వాళ్ళు."

క్షమించమన్నాను. ఆమె కత్తెర పక్కన పెట్టి, బట్ట మీద సుద్ద గీత గీసి, సరే అంది. నా కాగితాలు మీ దగ్గరికి ఎలా వచ్చాయని అడిగాను. సాబ్ ఇచ్చారంది. మా ఆయన. డ్యూటీకి వెళ్తూ స్కూటరాపి కవరు ఇచ్చి, ఎవరికీ చెప్పొద్దని చెప్పి వెళ్ళారట.

ఇంటికొచ్చి అడిగితే ఆయన టీవీ మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

"కవరు ఇచ్చేను. పాలిటిక్స్ చెయ్యలేదు," అన్నారు. ఆ విషయం మళ్ళీ ఎత్తొద్దన్నారు. ఎత్తలేదు. కానీ ఆయన ఆఫీసు నుంచి అరగంట ఆలస్యమైతే నాకు చేతులు ఊరికే ఉండవు. ఏదో ఒకటి సర్దుతూ ఉంటాను.

ఇప్పుడు మునిసిపల్ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. దీదీ టికెట్టు అడుగుతోంది. పార్టీ వేదిక ఎక్కనని ముందే చెప్పాను. వేదిక ఎవరడిగారు, వార్డులో చేసిన పనుల జాబితా రాసిపెట్టండి చాలు అంది. రాసిచ్చాను. నా సభ్యత్వం గడువు అయిపోయింది. కొత్తగా సంతకం పెట్టలేదు, రాజీనామా చేయలేదు. లోపల ఉన్నందువల్లే ఆ ఒక్క వాక్యమైనా వచ్చిందని ఒక రోజు అనిపిస్తుంది. లోపల ఉన్నందువల్లే సగం వాక్యానికి ఒప్పుకున్నానని ఇంకో రోజు అనిపిస్తుంది. దీదీకి ఇలాంటి అవస్థ లేదు. పని ఎక్కడ అవుతుందో అక్కడ కూర్చోవాలి, అంతే అంటుంది. ఆమె మీద అసూయగా ఉంటుంది.

పోయిన వారం ఇంకో ముసాయిదా పెట్టారు. ఈసారి గనుల గురించి. ఇంగ్లీషులోనే ఉంది. ప్రింటు తీసుకుని పరీక్ష పేపర్ల కింద పెట్టుకున్నాను. సగం చదివాను. పదిహేనో పేజీలో ఒక చోట నాకు అర్థం కాని పదం ఉంది, గని మూసేశాక ఆ గొయ్యి ఎవరి బాధ్యత అన్న దగ్గర. అభ్యంతరాలు దీదీతో పంపాలా, ఈమెయిల్లో పంపాలా, పూలగుత్తితో వచ్చినాయన్ని కలవాలా, ఏమీ తేల్చుకోలేదు. ముందు ఆ పదానికి అర్థం కనుక్కోవాలి.